పాత ఆర్పీజీలు ఆడబోతున్న మా చిన్నాకి, పిన్ని రాసేది

చిన్నా,

నిన్న రాత్రి పర్లాకిమిడి నుంచి మీ అమ్మ ఫోన్. "గుంటడు పరీక్షలైపోగానే ఎండాకాలమంతా పాత వీడియో గేములు ఆడతాడంట, అదే చదువంట, అవి చూసి బొమ్మలు వేసుకుని హైదరాబాద్‌లో గేమ్ కంపెనీల చుట్టూ తిరుగుతాడంట, నువ్వేనా ఎక్కించింది" అని నన్ను పట్టుకుంది. నేను కాదక్కా అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక ఎంతసేపటికీ నిద్ర పట్టలేదురా, ఒక పక్క భయం, ఇంకో పక్క మన ఇంట్లో ఒక పిల్లాడు క్రోనో ట్రిగర్ లాంటి ఆర్పీజీని, అదే మనమే ఒక పాత్రై కథలో నడిచే ఆటని, కూర్చుని శ్రద్ధగా చూడాలనుకుంటున్నాడే అని గర్వం. బరంపురంలో మా డీటీపీ షాపు షట్టర్ సగం దించేసి, పెళ్ళికార్డుల పని అయ్యాక ఆ ఒక్క కంప్యూటర్ మీద రాత్రుళ్ళు ఈ గేములే ఆడేదాన్ని నేను. అప్పట్లో వీటి గురించి మాట్లాడడానికి ఒక్క మనిషి దొరికేవాడు కాదు. అందుకే తెల్లారగానే రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. గేములు కొనుక్కునే ఆడు, క్రోనో ట్రిగర్, ఫైనల్ ఫాంటసీ 6, బాల్డర్స్ గేట్, ప్లేన్‌స్కేప్ టార్మెంట్ అన్నీ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో ఉన్నాయి, సేల్ వచ్చినప్పుడు చవగ్గా వస్తాయి, డబ్బులు చాలకపోతే మీ అమ్మని అడక్కు నాకు చెప్పు. హెడ్‌ఫోన్స్ మంచివి తీసుకో. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకో. సేవ్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి కూడా కాపీ చెయ్, యూపీఎస్ లేకుండా మాత్రం మొదలుపెట్టకు, మీ ఊళ్ళో కరెంటు సంగతి నీకు తెలీదా. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు చూశాను కదా, షాపులో హార్డ్ డిస్కుల్ని పాలిథిన్ కవర్లలో చుట్టి బియ్యం డ్రమ్ములో పెట్టుకుని కూర్చున్నాం, అప్పట్నుంచి కాపీ లేని ఫైల్ అంటే నా గుండె దడదడలాడతాది.

తిండి. ఇది చిన్న విషయం అనుకోకు, నాకున్న అసలు భయం ఇదే. క్రోనో ట్రిగర్‌కి సంగీతం చేసిన యసునోరి మిత్సుదా 1972లో పుట్టాడు, 1995లో గేమ్ బయటికొచ్చేసరికి 23 ఏళ్ళు, నీకంటే రెండేళ్ళు పెద్ద అంతే. తనకది మొదటి పెద్ద అవకాశం, రాత్రీపగలూ పనిచేసి కడుపులో అల్సర్లు తెచ్చుకుని ఆస్పత్రి పాలయ్యాడు, మిగిలిన పాటలు ఫైనల్ ఫాంటసీకి సంగీతం చేసిన నోబువో ఉయెమత్సు వచ్చి పూర్తి చేయాల్సొచ్చింది. ఆ సంగీతం విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తాది, వెంటనే ఆ పిల్లాడికి టైముకి ఇంత అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారా అనిపిస్తాది. నువ్వు డిగ్రీ ఫస్టియర్‌లో ప్రాజెక్ట్ అని రెండు పూటలు మానేసి కళ్ళు తిరిగి పడ్డావు, మీ అమ్మ దాస్తే నాకు తెలీదనుకున్నావా. గేమ్ పాజ్ చేస్తే పారిపోదు. టైముకి లేచి తిను.

ఇప్పుడు మీ అన్న సంగతి. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే నువ్వూ అదే చేస్తావేమో అని నా అనుమానం.

వాడు ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు సెలవులకి బరంపురం వచ్చి, పిన్నీ నువ్వు ఎప్పుడూ చెప్తావు కదా ఆ గేములన్నీ ఈ సెలవుల్లో పూర్తి చేసేస్తాను అన్నాడు. నాకెంత సంతోషం వేసిందో. ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ పెట్టాడు, అంటే కంప్యూటర్‌ని పాత గేమ్ మెషీన్‌లా నడిపించేది. బొమ్మ చిన్నగా ఉందని స్క్రీన్ మొత్తానికి సాగదీశాడు, దాంతో హీరో క్రోనో పొట్టిగా లావుగా అయిపోయాడు. పిక్సెల్స్, అదే బొమ్మలోని చిన్న గళ్ళు, గరుగ్గా ఉన్నాయని ఏదో ఫిల్టర్ వేశాడు, మొహాలన్నీ మైనం కరిగినట్టు అయిపోయాయి. ఫైట్లు నెమ్మదిగా ఉన్నాయని ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కిపెట్టి ఆడాడు, అలా నొక్కితే పాట కీచుకీచుమంటాది కదా, దాంతో సౌండ్ తీసేశాడు. ఇంకో పక్క ఫోన్‌లో వాక్‌త్రూ, ఎటెళ్ళాలి, ఏ పెట్టెలో ఏముంది, అన్నీ ముందే చూసుకున్నాడు. సెలవులైపోకముందే మూడు గేములు పూర్తి చేసి, కథ బాగానే ఉంది పిన్నీ గానీ అంత చెప్పడానికి ఏటుంది ఇందులో అన్నాడు.

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. క్రోనో ట్రిగర్ మొదట్లోనే చూడు, చీకటి గది, అమ్మ వచ్చి కర్టెన్ తీస్తుంది, తీయగానే గదిలో రంగులన్నీ మారిపోయి వెలుగొస్తాది, బయట పక్షుల అరుపు, ఊళ్ళో గంట మోగుతాది. అక్కణ్ణించి జాతరకి వెళ్తావు, అక్కడ నీ ఇష్టం, ఒకమ్మాయిని గుద్దేస్తావు, ఆమె లాకెట్ కింద పడిపోతాది, ముందు అమ్మాయిని పలకరిస్తావా లాకెట్ తీస్తావా, ఎవరిదో లంచ్ బల్ల మీద ఉంటే తినేస్తావా, ఒక పాప పిల్లి తప్పిపోతే తెచ్చిస్తావా. ఇవన్నీ ఏదో ఆటవిడుపు అనుకుంటావు. తర్వాత కొంతసేపటికి నిన్ను కోర్టులో నిలబెడతారు, రాకుమారిని ఎత్తుకుపోయావని కేసు, అప్పుడు ఆ లంచ్ పోగొట్టుకున్న ముసలాయన సాక్షిగా వస్తాడు! ఆ పాప వస్తాది! నువ్వు చేసినవన్నీ చూపించి మరీ నీ మంచీచెడ్డా తేలుస్తారు. నేను మొదటిసారి చూసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. మీ అన్నకి ఆ కోర్టు గుర్తే లేదు. ఫోన్‌లో చూసి లంచ్ తినలేదు, పిల్లిని తెచ్చిచ్చాడు, కోర్టు మాటలన్నీ చకచకా నొక్కేసి వెళ్ళిపోయాడు.

వాడు మంచి పిల్లాడు, వాణ్ణి ఏమీ అనకు. పూర్తి చేయడం అంటే చివరి బాస్‌ని, అదే ఆఖరి పెద్ద శత్రువుని, కొట్టడమే అనుకున్నాడు, కాలేజీలో నేర్పింది కూడా అదే కదా, సిలబస్ అయిపోవాలి. నువ్వు మాత్రం అలా చేయకు నాన్నా. ఒక్క గేమే ఆడు కావాలంటే, సగమే ఆడు, కానీ దాని నడకలో ఆడు. వాక్‌త్రూ రెండోసారికి ఉంచుకో. ఊళ్ళోకి అడుగుపెట్టగానే కంట్రోలర్ కింద పెట్టి పాట ఒకసారి పూర్తిగా తిరిగొచ్చేదాకా విను. స్టీమ్‌లో క్రోనో ట్రిగర్ తెరవగానే సెట్టింగుల్లో ఒరిజినల్ గ్రాఫిక్స్ పెట్టుకో, 2018లో అక్కడ మొదట పెట్టినప్పుడు పిక్సెల్స్‌ని నున్నగా చేసేశారు, ఆడేవాళ్ళు గోల చేస్తే తర్వాత అప్‌డేట్‌లో పాత బొమ్మలు తెచ్చారు.

ఇంక ఏం చూడాలి అంటావా. సినిమా రివ్యూల్లో నిర్మాణ విలువలు బాగున్నాయి అని ఒక ముక్క రాసి వదిలేస్తారు చూడు, నీ నోట్‌బుక్‌లో అలా రాయకు. ఎక్కడ ఖర్చుపెట్టారు, ఎక్కడ పొదుపు చేశారు, అది రాయి. నాకు తెలిసి పాత ఆర్పీజీల గొప్పతనమంతా అందులోనే ఉంది. క్రోనో ట్రిగర్ క్యాసెట్ మొత్తం 4 ఎంబీ, నీ ఫోన్‌లో ఒక ఫోటో అంత. 1986లో వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ అయితే 64 కేబీ! అందులో జపాన్ వెర్షన్‌లో హీరో ఎటు నడిచినా మొహం మనవైపే, పక్కకి తిరిగిన బొమ్మకి చోటు లేక. అదే నీలం స్లైమ్‌కి రంగు మార్చి ఎర్ర స్లైమ్ అన్నారు. కానీ ఆ స్లైమ్ బొమ్మ ఎవరితో వేయించారు? డ్రాగన్ బాల్ బొమ్మలు వేసిన అకిరా తోరియామాతో. అక్కడ తగ్గలేదు. నలభై ఏళ్ళైనా ఆ బొమ్మ చెక్కుచెదరలేదు.

ఫాల్‌అవుట్ 1997ది చూడు, దాదాపు అందరితోనూ ఉత్త టెక్స్ట్‌లోనే మాట్లాడతావు, కొద్దిమంది ముఖ్యులకి మాత్రం మొహం పెద్దగా వచ్చి పెదాలు కదిలి గొంతు వినిపిస్తాది, ఆ తలకాయలు ముందు మట్టితో చేతులతో చేసి తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ మొహం వచ్చిందంటే ఈ మనిషి ముఖ్యం అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాది. ఫైనల్ ఫాంటసీ 7లో మనుషులు దిమ్మల్లా ఉంటారు, చేతులకి వేళ్ళుండవు, కానీ మొదలు చూడు, నక్షత్రాలు, ఆకుపచ్చ వెలుగులో ఒకమ్మాయి మొహం, సందులోంచి వీధిలోకి వస్తాది, కెమెరా పైకి పైకి పోయి మిడ్‌గార్ నగరమంతా చూపించి, మళ్ళీ కిందకి దూకి రైలు దగ్గర ఆగుతాది, అక్కడ సినిమా ఎక్కడ ఆగిందో ఆట ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు. ఆ అతుకు వెతుకు, పదిసార్లు వెనక్కి తిప్పి చూడు. ప్లేన్‌స్కేప్ టార్మెంట్ మాత్రం ఇంగ్లీషు బాగా చదవాలి, 8 లక్షల మాటలని అంటారు, నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆడాను, దాన్ని చివరికి ఉంచుకో.

ఫైనల్ ఫాంటసీ 6లో ఒపేరా, అదే పాటల నాటకం, దగ్గర మాత్రం తొందరపడ్డావంటే నేను క్షమించను. 1994 గేమ్, అది నడిచే సూపర్ ఫామికామ్ మెషీన్ సౌండ్ చిప్‌కి 8 ఛానెళ్ళు, 64 కేబీ మెమరీ, అందులో మనిషి పాడిన పాటని అలాగే పెట్టడం చాలా కష్టం. ఉయెమత్సు ఏం చేశాడంటే గొంతులాంటి ఒక శబ్దాన్నే వాయిద్యంగా వాడి పాట పాడించాడు, కింద స్క్రీన్ మీద సాహిత్యం వస్తాది, తర్వాతి లైను ఏమిటో నువ్వే గుర్తుపెట్టుకుని ఎంచుకోవాలి, తప్పు పాడితే నాటకం ఆగిపోతాది. ఆ సీన్‌లోనే పాడే అమ్మాయి సెలిస్ పూలగుత్తి పట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్తాది. నువ్వు కొనేది పిక్సెల్ రీమాస్టర్ అనే కొత్త వెర్షన్, అందులో నిజం గాయకులు ఏడు భాషల్లో పాడారు, బాగుంటాది, కాదనను. కానీ ముందు పాతది ఆన్‌లైన్‌లో వెతికి విను. ఆ గొంతు కాని గొంతులో నాకు ఏడుపొచ్చింది, కొత్తదానిలో రాలేదు.

బొమ్మలు వేయడం గురించి ఒకటి చెప్తాను, ఇది నీ పనికి పనికొచ్చేది. సెలిస్, టెర్రా, ఆ గేములో వీళ్ళందరి బొమ్మలూ 16 పిక్సెళ్ళ వెడల్పు, 24 ఎత్తు. ఒక బొమ్మకి 15 రంగులు, పదహారోది కనపడని రంగు కింద పోతాది. ఆ కాస్త చోటులోనే తల దించుకుంటారు, వేలు ఊపుతారు, కళ్ళు మూస్తారు. మీ తాతగారు బరంపురం పట్టుచీరకి గుడి అంచు నేసేముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపేవారు, నువ్వు ఆయన ఒళ్ళో కూర్చుని ఎర్ర పెన్సిల్ లాక్కుని ఠాకురాణీ యాత్రలో చూసిన పులివేషం మొహం గళ్ళలో వేసేశావు, గుర్తుందా, ఆయన తిట్టలేదు, చారలకి నల్ల పెన్సిల్ ఇచ్చారు. ఇదీ అదే పని. ఫోటోషాప్ తర్వాత, ముందు గ్రాఫ్ కాగితం కొనుక్కో. టెర్రాని గడి గడికీ చూసి దింపు. కన్నుకి ఎన్ని గళ్ళు ఇచ్చారు, ముక్కు అసలు వేశారా, జుట్టు మీద వెలుగు ఎటువైపు పడింది, చేత్తో దింపితేనే తెలుస్తాది. తర్వాత ఒక్క గడి మార్చి చూడు, మనిషి మొహంలో భావం మారిపోతాది. ఆ మారిన కాగితం కూడా పారేయకు, నీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే పెట్టాలని నా కోరిక.

ఇంకొకటి, ఈ బొమ్మలు వేసినవాళ్ళు ఎల్‌సీడీ కోసం వేయలేదు, డొప్ప టీవీ కోసం వేశారు. అందులో పక్కపక్క రంగులు కాస్త కలిసిపోతాయి, గళ్ళ అంచులు మెత్తబడతాయి. ఫిల్టర్ వేస్తే అది అచ్చంగా రాదు, టీవీలోనే చూడాలి. మా మేడ మీద పాత టీవీ ఉంది, మీ బాబాయ్ పాతసామాన్ల వాడికి ఇచ్చేస్తానంటే నేనే ఆపాను. మొన్న తుడిచి పెట్టి చూశాను, బొమ్మ వస్తోంది, రంగులు బావున్నాయి, సౌండ్ ఒక పక్కే వస్తోంది, నువ్వు ఎలాగూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటావు. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే చిన్న డబ్బా ఆన్‌లైన్‌లో దొరుకుతాది, అది ఆర్డర్ పెట్టు. మీ స్నేహితుణ్ణి ఒకణ్ణి తోడు తెచ్చుకుని రా, ఒక్కడివే బస్సులో మోసుకెళ్ళాలని చూడకు, నడుం పట్టేస్తాది, దుప్పట్లు నేనిస్తాను చుట్టుకోవడానికి. వచ్చే ముందురోజు ఫోన్ చెయ్, ఇద్దరికీ వంట చేసి ఉంచుతాను.

నీ పిన్ని,
బరంపురం