2017 నాటి ల్యాప్‌టాప్ బాగా స్లో అయింది. ఉచిత సాఫ్ట్‌వేర్లతో నెట్టుకురావచ్చా, కొత్తది కొనాలా?

మీరు చెప్పింది ఇదీ: 2017లో కొన్న ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చినా డెస్క్‌టాప్ కనిపించదు. ఇంట్లో వాడకమల్లా పాప హోంవర్కు, నాన్నగారి బ్యాంకు పనులు, ఎప్పుడైనా తెలుగులో ఒక అర్జీ. షాపువాళ్లు కొత్తది కొనమంటున్నారు. పైసా ఖర్చు లేకుండా ఏవైనా సాఫ్ట్‌వేర్లు వేసుకుంటే బాగుపడుతుందా అని అడిగారు.

నేను కంప్యూటర్ ఇంజనీరుని కాను. రాజమండ్రిలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాస్తాను. కాకపోతే సంక్రాంతికి ఊరెళ్తే అరిసెల పళ్లెం కంటే ముందు ఎవరిదో ఒకరి ల్యాప్‌టాప్ నా ఒళ్లోకి వచ్చేస్తుంది. పదేళ్లుగా ఇదే వరస. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఇలాంటి ల్యాప్‌టాప్‌లో కొత్తగా వేసుకోవాల్సినవాటికంటే తీసేయాల్సినవే ఎక్కువ ఉంటాయి.

రెండేళ్ల కిందట మా బాబాయి ల్యాప్‌టాప్ అచ్చం మీ దానిలాగే ఉండేది. "ఏరా, ఇది పోయినట్టేనా?" అని అడిగాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. అది తెరుచుకోవడానికే నిమిషం పట్టింది. డిస్క్ అన్న గడి ఎర్రబడి 100 శాతం దగ్గర నిలబడిపోయి ఉంది. ఏ పనీ చేయకుండానే! స్టార్టప్ ట్యాబ్‌లోకి వెళ్తే పద్నాలుగు ప్రోగ్రాములు లైన్లో ఉన్నాయి. అందులో యాంటీవైరస్‌లే రెండు. ఒకటి ల్యాప్‌టాప్‌తో వచ్చి గడువు తీరిపోయింది, ఇంకొకటి షాపులో వేసి ఇచ్చారు. వాటికి తోడు ఒక పీసీ క్లీనర్, ఒక డ్రైవర్ అప్‌డేటర్, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు ప్రోగ్రాము. "స్పీడు పెరుగుతుందంటే వేశానురా" అన్నాడు పాపం.

ఆ క్లీనర్లు, బూస్టర్లు అన్నీ తీసేయించాను. మీరూ తీసేయండి. "మీ కంప్యూటర్లో 1,400 లోపాలున్నాయి" అని భయపెట్టి డబ్బు కట్టమనేవాటిని అసలు ఉంచకూడదు. యాంటీవైరస్ కూడా విడిగా అక్కర్లేదని నా అభిప్రాయం. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి చాలు. బయటి యాంటీవైరస్ తీసేయగానే అది తనంతట తానే ఆన్ అవుతుంది. స్టార్టప్ జాబితాలో మీకు అవసరం లేనివాటి మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేయండి. దాంతో ఆ ప్రోగ్రాము పోదు, పొద్దున్నే తనంతట తాను లేవడం మానేస్తుందంతే.

ఇంత చేసినా బాబాయి ల్యాప్‌టాప్ సగమే కోలుకుంది. అసలు జబ్బు పాత హార్డ్ డిస్క్. అందులో పళ్లేలు తిరుగుతుంటాయి, ముల్లు లాంటిది అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. ఇంట్లో సామానంతా అటక మీద పెట్టుకుని, ఉప్పు కావాలన్నా చింతపండు కావాలన్నా నిచ్చెన ఎక్కి దిగినట్టు ఉంటుంది దాని పని. దాని చోట పెట్టుకునే కొత్త రకం డిస్క్ ఎస్ఎస్‌డీ. అందులో తిరిగేవేమీ ఉండవు, అన్నీ చేతికందే ఎత్తులో ఉన్నట్టే. ఖర్చు వద్దన్నారు, నిజమే. కానీ ఈ ఒక్కదానికి మాత్రం పెట్టండి. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది. మాకు అప్పట్లో బిగించే కూలీతో కలిపి రెండు వేల చిల్లర అయింది. ఈ మధ్య ఎస్ఎస్‌డీ, ర్యామ్ రెండింటి ధరలూ పెరిగాయి కాబట్టి రెండు మూడు చోట్ల కనుక్కోండి. ముందు మీ ఫైళ్లన్నీ ఎక్కడైనా కాపీ చేసుకున్నాకే దీనికి దిగండి.

డిస్క్ మారిస్తే విండోస్ లైసెన్స్ పోతుందేమోనని చాలామందికి టెన్షన్. పోదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ దింపుకుని కొత్త డిస్క్‌లో వేస్తే, నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. షాపులో "విండోస్ మేమే వేస్తాం" అని క్రాక్ చేసిన కాపీ, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీ వేయబోతే వద్దనండి. క్రాక్ పనిచేయడం కోసం డిఫెండర్‌ని ఆపేసి ఇస్తారు కొందరు. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో అలాగే జరిగింది. ఆర్నెల్ల తర్వాత కానీ తెలియలేదు, డిఫెండర్ అన్నాళ్లూ నిద్రలోనే ఉందని.

తీసిన పాత హార్డ్ డిస్క్ షాపులో వదిలేయకండి. యూఎస్‌బీ కేసింగ్ ఒకటి కొని అందులో పెడితే ఇంటికి బ్యాకప్ డ్రైవ్ అవుతుంది. దాని సంగతి మళ్లీ చెబుతాను.

ఇక విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టారు, దాని గడువు 2026 అక్టోబరు 13 అని ప్రకటించారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే అందులో చేరే లింకు కనిపించాలి. 2017లో వచ్చిన ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా రాదు, ఎనిమిదో తరం నుంచే. దొడ్డిదారిన వేయొచ్చని వీడియోలు ఉన్నాయి. నాన్నగారి బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్ మీద ఆ ప్రయోగం నేనైతే చేయను.

దానికి బదులు లినక్స్ మింట్ చూడండి. విండోస్ స్థానంలో వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ల్యాప్‌టాప్‌లో ఏమీ మార్చకుండా దాని నుంచే నడిపి చూడొచ్చు. వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయో లేదో ఒక ఆదివారం పరీక్షించుకుని, నచ్చితేనే ఇన్‌స్టాల్ చేయండి. బాబాయి ఇప్పుడు మింట్ మీదే ఉన్నాడు. ఫైర్‌ఫాక్స్ తెరవడం, పేపర్ చదవడం, విద్యుత్ బిల్లు కట్టడం, అంతే ఆయన పని. కింద ఉన్న మెనూ బటన్ గుర్తు మారిందని ఒక రోజు సణిగాడు, తర్వాత మర్చిపోయాడు. అయితే మీ ఇంట్లో ఎవరైనా లెక్కలకు ట్యాలీ వాడుతున్నా, అను స్క్రిప్ట్‌లో తెలుగు డీటీపీ చేస్తున్నా మింట్ వైపు వెళ్లకండి, అవి విండోస్ సరుకు. నేను ఆఫీసులో విండోస్ వదలలేకపోవడానికి కారణం అదే.

సాఫ్ట్‌వేర్ల విషయానికొస్తే, ఏది వేసుకోవాలన్నదానికంటే ఎక్కడ నుంచి దింపుకోవాలన్నది ముఖ్యం. గూగుల్లో పేరు కొట్టగానే పైన వచ్చేది చాలాసార్లు ప్రకటన. దాని మీద నొక్కితే పెద్ద పచ్చ బటన్, డౌన్‌లోడ్ అని. అది దింపేది మీరడిగినదాన్ని కాదు, ఇంకేదో. విండోస్‌లో అయితే నైనైట్ అనే సైటుకి వెళ్లండి. కావలసినవాటికి టిక్ పెడితే ఒకే ఫైలు ఇస్తుంది. అది అన్నిటినీ అసలు చోటు నుంచి తెచ్చి, మధ్యలో టూల్‌బార్లు అంటించకుండా వేసేస్తుంది. ఇంటి వాడకానికి ఉచితం.

నేను ఏ ల్యాప్‌టాప్‌లోనైనా వేసేవి కొన్నే. సినిమాలకు వీఎల్‌సీ. ప్యారిస్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, ఇప్పటికీ ఒక్క ప్రకటన లేకుండా నడుస్తోంది. జిప్ ఫైళ్లకు సెవెన్-జిప్. ఫైలు పేరులో రెండక్షరాలు కొట్టగానే వెతికి పెట్టేది ఎవ్రీథింగ్ అని ఉంది. విండోస్ సెర్చ్‌తో విసిగిపోయినవాళ్లు దీన్ని ఒకసారి చూస్తే వదలరు. డిస్క్ ఎందుకు నిండిందో తెలియకపోతే విజ్‌ట్రీ నడపండి. మా చెల్లెలి ల్యాప్‌టాప్‌లో 60 జీబీ తిన్నది డౌన్‌లోడ్స్ ఫోల్డరే, ఒకే పెళ్లి వీడియో నాలుగు కాపీలు. బ్రౌజరుకి ఫైర్‌ఫాక్స్, అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్. క్రోమ్‌లో ఇప్పుడు దాని లైట్ రకమే దొరుకుతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ప్రకటనలు ఆగితేనే తేడా తెలుస్తుంది.

ఆఫీసు పనులకు లిబ్రేఆఫీస్. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చింది. పాప హోంవర్కుకి, అర్జీలకి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఒక్క చిక్కుంది: ఇందులో రాసిన డాక్‌ఎక్స్ ఫైలుని జిరాక్స్ షాపులో వర్డ్‌లో తెరిస్తే పేరాలు కిందికి జారిపోవచ్చు. అందుకే ప్రింటుకి ఇచ్చేటప్పుడు పైన ఉండే పీడీఎఫ్ బటన్ నొక్కి పీడీఎఫ్ చేసి ఇవ్వండి.

పీడీఎఫ్ అంటే గుర్తొచ్చింది. ఉద్యోగాల అప్లికేషన్లకు ఆధార్, మార్కుల లిస్టులు కలిపి ఒకే పీడీఎఫ్ చేయమంటారు, సైజు ఇంతకు మించకూడదంటారు. వెంటనే అందరూ ఆన్‌లైన్‌లో కనిపించిన ఏదో ఒక సైటులో ఆధార్ అప్‌లోడ్ చేసేస్తారు. అక్కర్లేదు. పీడీఎఫ్24 క్రియేటర్ అని విండోస్‌కి ఉచితంగా దొరుకుతుంది. నెట్ ఆపేసినా మన కంప్యూటర్లోనే కలుపుతుంది, విడదీస్తుంది, సైజు తగ్గిస్తుంది. ఫోటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు కావాలంటే ఇర్ఫాన్‌వ్యూలో రీసైజ్ చేసి, జేపీజీగా సేవ్ చేసేటప్పుడు క్వాలిటీ తగ్గించుకుంటే వచ్చేస్తుంది.

జిరాక్స్ షాపు అన్నాను కదా, పెన్‌డ్రైవ్ అక్కడ పెట్టి ఇంటికి తెచ్చాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం మీరూ చూసే ఉంటారు. నాకు మొదటిసారి జరిగినప్పుడు ఆఫీసు ఆడిట్ ఫైళ్లు పోయాయనుకుని చెమటలు పట్టాయి. అవి పోవు. ఆ వైరస్ అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది. వాటిలో దేన్నీ నొక్కకుండా ముందు డిఫెండర్‌తో పెన్‌డ్రైవ్‌ని స్కాన్ చేయించండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో దాచిన ఫైళ్లు, సిస్టమ్ ఫైళ్లు రెండూ కనిపించేలా పెడితే అసలువి మసకగా కనిపిస్తాయి, కాపీ చేసుకోండి. అప్పటి నుంచి షాపుకి తీసుకెళ్లే పెన్‌డ్రైవ్ వేరే పెట్టుకున్నాను. అందులో ఆ రోజు ప్రింటు తీయాల్సిన పీడీఎఫ్ తప్ప ఏమీ ఉండదు.

బ్యాకప్‌కి ఆ పాత హార్డ్ డిస్క్ పనికొస్తుంది. విండోస్‌లో ఫైల్ హిస్టరీ ఆన్ చేసి ఆ డ్రైవ్ చూపించండి, లేదా ఫైళ్లు కాపీ చేసి పెట్టే ఫ్రీఫైల్‌సింక్ వేసుకోండి. నేను ప్రతి నెలా మొదటి ఆదివారం తగిలించి, పనవగానే తీసి బీరువాలో పెడతాను. ఎప్పుడూ తగిలించే ఉంటే ల్యాప్‌టాప్‌కి వచ్చిన వైరస్సే దానికీ వస్తుంది. అదీ వాడిన డిస్కే కాబట్టి, మరీ ముఖ్యమైన కాగితాలు గూగుల్ ఇచ్చే 15 జీబీలో కూడా ఒక కాపీ ఉంచుతాను.

తెలుగు టైపింగ్‌కి ఏమీ దింపుకోనవసరం లేదు. విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో ఫొనెటిక్ ఎంచుకోండి. తర్వాత విండోస్ కీ, స్పేస్ నొక్కితే ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో పడుతుంది. అర్జీకి అక్షరాలు అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

నాన్నగారికి మాత్రం ఒకటి గట్టిగా చెప్పండి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని ఎవరైనా ఫోన్ చేసి, స్క్రీన్ చూపించే యాప్ ఏదైనా వేసుకోమంటే ఫోన్ అక్కడే పెట్టేయమనండి. మా వీధిలో ఒకాయన అలాగే పోగొట్టుకున్నాడు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఆపడం కష్టం.

ర్యామ్ పెంచొచ్చా అని కూడా అడుగుతారేమో. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కండి. కింద స్లాట్స్ యూజ్డ్ అని ఉంటుంది. అక్కడ రెండులో ఒకటి అని ఉంటే ఇంకో 4 జీబీ పెట్టుకునే చోటుందన్నమాట. అక్కడ ఏమి చూపిస్తోందో, ల్యాప్‌టాప్ మోడల్ ఏమిటో కింద రాయండి, ఏ రకం ర్యామ్ కొనాలో చెబుతాను.