సాబా దీవికి వెళ్లండి, అప్పుతో మాత్రం వద్దు

ప్రశ్న: నా వయసు 31. విశాఖపట్నంలో ఉద్యోగం. నెలకు 92 వేలు చేతికి వస్తాయి. అమ్మ, నా భార్య నా సంపాదన మీదే ఆధారపడ్డారు. ఇంటి ఖర్చు 60 వేలు, సిప్‌లు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) 12 వేలు పోగా 20 వేలు మిగులుతాయి. ఏటా 40 వేలు బోనస్, బ్యాంకులో 3 లక్షల డిపాజిట్ ఉన్నాయి. నిరుడు అండమాన్‌లో స్కూబా డైవింగ్ నేర్చుకుని, ప్రారంభ స్థాయి అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకున్నాను. ఇప్పటికి ఆరు డైవ్‌లు చేశాను. ఈ డిసెంబరులో కరేబియన్‌లోని సాబా దీవికి వెళ్లాలని ఉంది. 5 లక్షలు అవుతుందని నా అంచనా. బ్యాంకు 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం ఇస్తానంటోంది. తీసుకోనా? లేక డిపాజిట్ తీసి, సిప్‌లు ఆపనా?

జవాబు: మీ కోరిక నాకు నచ్చింది. పదమూడు చదరపు కిలోమీటర్ల దీవి, రెండు వేల చిల్లర జనాభా. చుట్టూ ఉన్న సముద్రాన్ని 1987 నుంచే మెరైన్ పార్కుగా కాపాడుకుంటున్నారు. జీవితంలో ఒకసారి చూడదగ్గ చోటే. అయితే ఈ డిసెంబరులో వద్దు.

మొదటి కారణం డబ్బు కాదు, మీ సర్టిఫికెట్. సాబాకు పేరు తెచ్చిన పినకిల్స్, అంటే సముద్రగర్భం నుంచి నిట్టనిలువుగా లేచిన శిఖరాలు, వాటి పైభాగమే సుమారు 25 నుంచి 30 మీటర్ల లోతులో ఉంటుంది. మీ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో దిగే లోతుకు హద్దు 18 మీటర్లు. అంత దూరం వెళ్లి, దేనికోసం వెళ్లారో అది చూడకుండా తిరిగి వస్తే ఆ 5 లక్షలు ఏం కొన్నట్టు? ఈ ఏడాది బోనస్‌ను ఇంకా లోతుకు దిగడం నేర్పే అడ్వాన్స్‌డ్ కోర్సుకూ, మరికొన్ని డైవ్‌లకూ వాడండి. అండమాన్ ఉంది, మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి ఉంది.

ఇక రుణం. మూడేళ్లకు ఈఎంఐ దాదాపు 17,090 రూపాయలు, వడ్డీయే 1.15 లక్షలు దాటుతుంది. ఆ ఈఎంఐ కట్టగలననుకుంటున్నారు కదా, అదే 17 వేలు వచ్చే జనవరి నుంచి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. 6.5 శాతం వడ్డీ అనుకుంటే 28 నెలలకు పన్నుకు ముందు సుమారు 5.15 లక్షలు చేతిలో ఉంటాయి. అప్పటికి మే నెల వస్తుంది. శీతాకాలపు రద్దీ ధరలు తగ్గి ఉంటాయి, జూన్ 1న మొదలయ్యే తుపానుల కాలం ఇంకా రాదు. రెండో ఏడాది బోనస్‌ను డాలరు ధర పెరిగితే పనికొచ్చేలా పక్కన పెట్టండి. నెదర్లాండ్స్‌లో భాగమైనా సాబాలో 2011 నుంచి చెల్లేది యూరో కాదు, అమెరికా డాలరే. 2021లో సుమారు 74 రూపాయలున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటిన సంగతి మరవకండి.

సిప్‌లు ఆపవద్దు. 3 లక్షల డిపాజిట్ మీ ఇంటికి ఐదు నెలల ఖర్చు. సిలిండర్‌లో 50 బార్ గాలి మిగిలి ఉండగానే పైకి రావాలని మీకు నేర్పారు కదా, ఇదీ అలాంటిదే.

మీ అంచనాలో లేవేమోనని నాకు అనుమానంగా ఉన్న ఖర్చులు కొన్ని ఉన్నాయి. సాబా రన్‌వే 400 మీటర్లే. పొరుగు దీవి సింట్ మార్టెన్ నుంచి చిన్న విమానంలోనో ఫెర్రీలోనో చేరాలి. గాలి ఎక్కువైతే ప్రయాణం ఆగిపోవచ్చు కాబట్టి సింట్ మార్టెన్‌లో ఒక రాత్రి బస అదనంగా లెక్కవేయండి. వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి, అంటే మరో రోజు గది అద్దె. 1,064 మెట్లున్న మౌంట్ సీనరీ కొండను డైవింగ్ మొదలుపెట్టక ముందే ఎక్కేయండి. డైవ్ చేసిన వెంటనే అంత ఎత్తుకు వెళ్లడమూ ప్రమాదమే. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంజెన్ పరిధిలోకి ఈ డచ్ కరేబియన్ దీవులు రావు, వాటి వీసా నిబంధనలు వేరు. అమెరికా మీదుగా వెళ్తే అక్కడ విమానం మారడానికి కూడా వీసా కావాలి. విదేశీ మారకంపై క్రెడిట్ కార్డు వేసే అదనపు రుసుమును ముందే కనుక్కోండి. టూర్ ప్యాకేజీ కొంటే అమ్మేవారు ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్‌ను ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. కానీ ఆ సొమ్ము ముందుగా మీ జేబులోంచే పోతుంది.

బీమాలో మాత్రం పైసా తగ్గించవద్దు. మామూలు ప్రయాణ బీమా చాలాసార్లు స్కూబాను మినహాయిస్తుంది, వర్తించినా లోతుకు హద్దు పెడుతుంది. సాబాలో ఉన్నది చిన్న ఆసుపత్రి, పెద్ద ఇబ్బంది వస్తే వేరే దీవికి తరలించాలి. ప్రెషర్ ఛాంబర్ (డైవింగ్‌లో వచ్చే ఇబ్బందికి అధిక పీడన గదిలో ఇచ్చే) చికిత్స, విమానంలో తరలింపు రెండూ వర్తించే డైవింగ్ ప్రమాద బీమా తీసుకోండి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వంటి సంస్థల సభ్యులకు ఇది దొరుకుతుంది.

చివరిగా, మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము అందించే జీవిత బీమా, ఊసే లేదు. ఇద్దరు మీ మీద ఆధారపడి ఉండగా ఇది నన్ను కలవరపెట్టింది. దరఖాస్తులో స్కూబా గురించి దాచకుండా రాయండి, ప్రీమియం కొంత పెరిగినా సరే. దాచారని తేలితే అమ్మకూ మీ భార్యకూ అందవలసిన సొమ్ము ఆగిపోవచ్చు. ఈ పాలసీ పని సాబా దాకా ఆగకూడదు, నేత్రాణిలో దిగేలోపే పూర్తి చేయండి.