కంప్యూటర్ ఇప్పుడే కొనాలా, కొత్త మోడల్ వచ్చేదాకా ఆగాలా?

ఉన్న కంప్యూటర్‌తో పని ఆగిపోతుంటే ఇప్పుడే కొనేయండి; పని నడుస్తూ ఉండి, కొత్త మోడల్ రెండు మూడు నెలల్లో వస్తుందని కంపెనీయే ప్రకటిస్తే మాత్రం ఆగండి. పుకార్లను నమ్ముకుని కూర్చుంటే ఎప్పటికీ కొనలేరు.

ఏటా వచ్చే మార్పు చాలాసార్లు నామమాత్రమే. ఇంటెల్ ఐ9-13900కే అనే ప్రాసెసర్ (కంప్యూటర్‌ను నడిపే ప్రధాన చిప్) గరిష్ఠ వేగం 5.8 గిగాహెర్ట్జ్, తర్వాతి తరం 14900కేది 6.0, కోర్లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) రెండింటిలోనూ 24. మామూలు పనుల్లో ఈ తేడా తెలియనే తెలియదు. చిప్ డిజైనే మారినప్పుడు లెక్క వేరు. ఆపిల్ సొంత చిప్‌లకు మారుతున్నట్టు 2020 జూన్‌లో చెప్పి, నవంబరులో ఎం1 అనే సొంత చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ తెచ్చింది. ఆ మధ్యలో ఇంటెల్ చిప్ ఉన్న ఎయిర్ కొనకుండా ఆగినవాళ్లకు వేగం పెరిగింది, బ్యాటరీ ఎక్కువసేపు వచ్చింది, ఫ్యాన్ చప్పుడే లేదు.

కొత్త మోడల్ రాగానే మనం కొన్నది పనికిరాకుండా పోతుందనేది చాలామంది అపోహ. నిజానికి చిప్ కన్నా ముందు ఇబ్బంది పెట్టేది చాలీచాలని ర్యామ్ (నడుస్తున్న పనులను పెట్టుకునే తాత్కాలిక మెమరీ). చాలా సన్నని ల్యాప్‌టాప్‌లలో దాన్ని బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచలేం. కాబట్టి 8 జీబీతో వచ్చే సరికొత్త చిప్ కన్నా 16 జీబీ ఉన్న నిరుటి మోడలే మేలు.

అన్నట్టు, కొనేముందు విండోస్‌లోని టాస్క్ మేనేజర్ (ఏ భాగం ఎంత వాడకంలో ఉందో చూపేది) తెరిచి చూడండి. డిస్క్ వాడకం ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉండి, లోపల పాత హార్డ్ డిస్కే ఉంటే, దాని బదులు ఎస్ఎస్‌డీ (అంతకన్నా చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయించడంతోనే సరిపోవచ్చు.