వెయ్యి రూపాయల బూడిదరంగు పుస్తకం

ఆగస్టు దగ్గరపడితే చాలు, అమెరికా బయల్దేరే పిల్లల నుంచి ఇదే ప్రశ్న: "అన్నా, ఇంటర్నేషనల్ లైసెన్స్ తెచ్చుకోవాలా? అక్కడ ఐడీగా పనికొస్తుందా?" తెచ్చుకోండి. ఐడీగా మాత్రం పనికిరాదు. ఈ తేడా తెలియకే మనవాళ్ళు డాలర్లు వదిలించుకుంటారు. కింద రాసిన తప్పుల్లో సగం నేనూ చేసినవే. ఆ కథలెందుకు గానీ, లెక్క చూడండి.

అసలు పేరులోనే తిరకాసు ఉంది. అది లైసెన్స్ కాదు, పర్మిట్: ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, పొట్టిగా ఐడీపీ. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఆర్టీఓ ఆఫీసువాళ్ళు మీ లైసెన్స్‌కి రాసిచ్చే అనువాదం, అంతే. ఒప్పందం చెప్పిన కొలత 148 బై 105 మిల్లీమీటర్లు, బూడిదరంగు అట్ట, తెల్ల కాగితాలు, చివర్లో ఫ్రెంచి పేజీ. అనువాదం అన్నాక మూలం పక్కనుండాలి కదా! లైసెన్స్ కార్డు ఇంట్లో అమ్మ బీరువాలో పెట్టి పుస్తకం ఒక్కటే పట్టుకొచ్చేవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియదు. డిజీలాకర్ కూడా ఇక్కడ అమెరికాలో అక్కరకు రాదు. కారు అద్దెకిచ్చే కౌంటర్లో చేతికి తగిలే కార్డే అడుగుతారు.

మన రెండు రాష్ట్రాల కార్డులూ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి చాలాచోట్ల పర్మిట్ అడగను కూడా అడగరు. అయినా తెచ్చుకోమంటున్నానంటే కారణం ఉంది. కార్డు మీద ఎల్.ఎం.వీ. అని ఉంటే అది కారని ఇక్కడి పోలీసుకి తెలియదు. పైగా 05-08 అని మనం ఆగస్టు ఐదు రాస్తే, అతను మే ఎనిమిది అని చదువుతాడు. పుస్తకంలో ఏ అంటే మోటార్ సైకిల్, బీ అంటే కారు అని విడమరిచి ఉంటుంది.

తీసుకోవడం కష్టమేమీ కాదు. ఫారం 4ఏ, పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న లైసెన్స్, ఫోటోలు. రుసుము వెయ్యి రూపాయలు, సర్వీస్ చార్జీలు అదనం. వీసా వచ్చేదాకా ఆగక్కర్లేదు. 2021 జనవరిలో ఆ నిబంధనతోపాటు మెడికల్ సర్టిఫికెట్ కూడా ఎత్తేశారు. మిగతా వివరాలు రవాణా శాఖ సైటులో ఉంటాయి, చూసుకోండి. గడువు ఏడాది, అదీ ఇచ్చిన తేదీ నుంచి. లైసెన్స్ గడువు అంతకంటే ముందే తీరితే పర్మిట్ కూడా దాంతోనే పోతుంది. ఆగస్టులో ఎక్కే విమానానికి మేలోనే పుస్తకం తీసుకుంటే మూడు నెలలు నీళ్ళపాలు. చేతికి రాగానే బీ గడిలో ముద్ర పడిందో లేదో చూడండి. బైకు లైసెన్సు మాత్రమే ఉన్నవాళ్ళకి ఆ గడి ఖాళీగా ఉంటుంది, అలాంటప్పుడు కారు నడపడానికి అది చెల్లదు.

పేరు సంగతి మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. లైసెన్స్ మీద "కె. రవి", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, క్రెడిట్ కార్డు మీద ఇంకో వరస. మూడూ కౌంటర్ మీద పెడితే అవతలి మనిషికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. ఆర్టీఓలో పేరు మార్పించుకునే పని ఇండియాలో ఉండగానే కానిచ్చి, ఆ తర్వాతే పర్మిట్‌కి వెళ్ళండి.

ఇక అసలు డబ్బు పోయే చోటు. లాంగ్ వీకెండ్ వస్తుంది, నలుగురు రూమ్మేట్లు కలిసి గ్రాండ్ కాన్యన్ ప్లాన్ వేస్తారు. కారు ఒకడి పేరు మీద తీసుకుంటారు. రాత్రి రెండింటికి వాడు "కాస్త నువ్వు తోలరా" అంటాడు. "నా దగ్గర ఐడీపీ ఉందిగా" అని మీరు స్టీరింగ్ పడతారు. కాంట్రాక్టులో అదనపు డ్రైవరుగా మీ పేరు లేకపోతే, మీ జేబులో పుస్తకం ఉన్నా కొన్న ఇన్సూరెన్సు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. ఆ పేరు చేర్చడానికి రోజుకి కొన్ని డాలర్లు, పాతికేళ్ళ లోపువాళ్ళయితే పైన ఇంకో వడ్డన. ఆ డాలర్లకి కక్కుర్తి పడొద్దు. క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ సాధారణంగా అద్దె కారు సొట్టలకే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే కట్టే పరిహారానికి బీమా, అంటే లయబిలిటీ, వేరే. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి కనీస లయబిలిటీ ఒక మనిషికి 30,000 డాలర్లు, మొత్తం ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000. ఇక్కడి ఆసుపత్రి బిల్లు ఒక్కటి చూశాక ఆ 30,000 ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది.

పర్మిట్ మీద ఏడాది అని ఉంది కాబట్టి ఏడాదంతా నడపొచ్చనుకోవడం ఇంకో భ్రమ. రాష్ట్రంలో స్థిరపడ్డాక దాని గడువు కాదు, రాష్ట్రం గడువు లెక్క. రెసిడెంట్ అయ్యాక ఆ రాష్ట్రం లైసెన్స్ తీసుకోవడానికి కాలిఫోర్నియా 10 రోజులిస్తుంది, న్యూజెర్సీ 60, టెక్సస్ 90. అది దాటాక ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు మొదట తీసే పేచీ ఇదే. దిగగానే రాత పరీక్షకి చదవడం మొదలెట్టండి. కాకపోతే మర్నాడే డీఎంవీకి, అంటే లైసెన్సులిచ్చే రాష్ట్ర ఆఫీసుకి, పరిగెత్తకండి. దేశంలో దిగి పది రోజులన్నా గడిచి, కాలేజీవాళ్ళు విదేశీ విద్యార్థుల రికార్డులుండే సెవిస్‌లో మిమ్మల్ని యాక్టివ్ చేశాక వెళ్తే, మీ వివరాలు దొరకడం లేదని తిప్పి పంపే బాధ తప్పుతుంది. డ్రైవింగ్ టెస్టులో మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది స్టాప్ గుర్తు దగ్గర. వేగం తగ్గిస్తే చాలదు, చక్రం పూర్తిగా ఆగాలి.

ఐడీ విషయానికొస్తే, విమానాశ్రయం భద్రతా తనిఖీలో ఈ పుస్తకం చూపించి లాభం లేదు. బ్యాంకులో ఖాతా తెరవడానికీ పాస్‌పోర్టే. రోజూ పాస్‌పోర్టు జేబులో వేసుకు తిరగడం నాకు నచ్చదు, పోతే మళ్ళీ తెప్పించుకునే ఖర్చూ తిప్పలూ అన్నీ ఇన్నీ కావు. డ్రైవింగ్ రాకపోయినా డీఎంవీలో స్టేట్ ఐడీ కార్డు ఇస్తారు, ముందు అది తీసుకోండి. మీరు దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు ఐ-94, దాని ప్రింటు మాత్రం పర్సులో పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో "మూడేళ్ళ ఇంటర్నేషనల్ లైసెన్స్, ఇంటి దగ్గరికే" అనే ప్రకటనలు కనిపిస్తాయి. ఇండియా లైసెన్స్ మీద పర్మిట్ ఇచ్చేది ఇండియాయే, అదీ ఏడాదికే. మూడేళ్ళంటే అది దొంగదని అక్కడే అర్థమైపోవాలి. ఇక్కడ ఉండగా గడువు తీరిపోతే ఎంబసీ ద్వారా దరఖాస్తు పెట్టుకునే వీలు 2021 నుంచి ఉంది. కానీ అప్పటికి మీ చేతిలో స్టేట్ లైసెన్స్ ఉండాలి కదా.

ఈ పుస్తకం నిజంగా అక్కరకొచ్చేది చూడటానికి వచ్చే అమ్మానాన్నలకి. నాన్నగారు మనవణ్ణి పార్కుకి తీసుకెళ్ళాలని సరదా పడితే లైసెన్సు, పర్మిట్ రెండూ తెమ్మనండి, వచ్చేలోపు మీ ఇన్సూరెన్సు కంపెనీకి ఫోన్ చేసి ఆయన పేరు చేర్పించండి.