విమానం కిట్టు కోసం మూడు అప్పులా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కావలి దగ్గర జువ్వలదిన్నెలో ఫైబర్ పడవలు చేసే షెడ్డు ఉంది. షెడ్డు ఖర్చులు నెలకు 60 వేలు. అవి పోను ఏడాది సగటున నెలకు 1.10 లక్షలు మిగులుతాయి. ఇంటి ఖర్చు 55 వేలు, ఇంటి లోన్ ఈఎంఐ 18,500. అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, అబ్బాయి ఎనిమిదో తరగతి. అమ్మ మాతోనే ఉంటుంది. ఇద్దరు కూర్చునే కాంపోజిట్ (గ్లాస్ ఫైబర్, రెజిన్‌తో చేసే) విమానాన్ని సొంతంగా కట్టుకోవాలని ఎప్పటినుంచో కోరిక. విడిభాగాల కిట్టు 32 లక్షలు, రోటాక్స్ 912 ఇంజిన్ 24 లక్షలు అంటున్నారు. ఫైబర్ పని నాకు వచ్చు కాబట్టి కూలి ఖర్చు లేదు. ఇంటి మీద 20 లక్షలు, బంగారం మీద 15 లక్షలు, మా బావమరిది హామీతో బయట రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెచ్చి, మిగతాది సంపాదనలోంచి పెట్టుకుంటాను. రెండేళ్లలో పూర్తి చేస్తాను. ఆ తర్వాత పెట్రోలు ఖర్చే కదా. చేతిలో 3.10 లక్షలు, అమ్మాయి చదువుకని 4 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. 10 లక్షల ఎండోమెంట్ పాలసీ (పొదుపూ బీమా కలిసినది) ఉంది. కిట్టుకి 2.20 లక్షలు అడ్వాన్స్ కట్టేశాను. ఏ అప్పు ముందు తీసుకోవాలి? డాలరు పెరుగుతోంది కాబట్టి ముందే ఇంజిన్ కొనేయమంటారా?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఏ అప్పూ తీసుకోవద్దు. ఇంజిన్ ఇప్పుడు కొనొద్దు.

ఇంత ముక్కుసూటిగా చెప్పినందుకు ఏమీ అనుకోకండి. మీ ప్రశ్నను ఇక్కడ తీసుకోవడానికి కారణం విమానం కాదు. అందులో విమానం తీసేసి లారీ అనో, ఫంక్షన్ హాలు అనో, రొయ్యల గుంట అనో రాసుకుంటే మన వైపు నుంచి నాకు వచ్చే ప్రశ్నలు చాలా ఇలాగే ఉంటాయి. కొనే ధర రూపాయితో సహా తెలుసు. కొన్నాక ఇల్లు ఎలా నడుస్తుందన్న లెక్క మాత్రం ఎక్కడా ఉండదు. గుంట అయితే ఒక పంటకు కాకపోతే ఇంకో పంటకైనా డబ్బు కళ్లచూపిస్తుంది. మీ విమానం పూర్తయ్యేదాకా ఒక్క రూపాయి తేదు, పూర్తయ్యాక కూడా తేదు. అలాంటి దానికి అప్పు తెస్తే ఆ వాయిదాలన్నీ మీ పడవల మీదే పడతాయి.

లెక్క చూడండి. ఇంటి మీద 20 లక్షలకు 11 శాతం, పదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 27,500. బంగారం మీద 15 లక్షలకు తొమ్మిదిన్నర శాతం చొప్పున వడ్డీయే నెలకు దాదాపు 11,900. రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలంటే నెలకు 20 వేలు. మొత్తం 59,400. ఇప్పుడు మీకు నెలకు మిగిలేది 36,500. అంటే మొదటి నెల నుంచే దాదాపు 23 వేలు లోటు. మిగతా 11 లక్షలు ఏ సంపాదనలోంచి పెడదామనుకున్నారు? ఆ లోటు పూడ్చడానికి నాలుగో అప్పు వస్తుంది. అది మూడు రూపాయల వడ్డీకి వస్తుంది.

రెండేళ్లు అన్నారు. ఇలాంటి కిట్టుకి 1,500 నుంచి 2,000 గంటల పని మామూలు. షెడ్డు పని అయ్యాక సాయంత్రాలూ ఆదివారాలూ కలిపి వారానికి పది గంటలు పెట్టగలిగితే మూడు నుంచి నాలుగేళ్లు. నాలుగేళ్లలో ఈ మూడు అప్పులకు మీరు కట్టేది 28 లక్షలు దాటుతుంది. అప్పటికీ బంగారం మీద అసలు 15 లక్షలు, బయటి అసలు 10 లక్షలు కదలకుండా అలాగే ఉంటాయి. బయటి అప్పుకి ప్రోనోటుతో పాటు ఖాళీ చెక్కులు కూడా అడుగుతారు. మీకు తెలియంది కాదు. బావమరిది సంతకం దాకా వెళ్లారంటే ఆయన ఇంటిని కూడా ఈ లెక్కలోకి లాగుతున్నట్టే. ఆ సంతకం అడగకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ చేతిలో ఉన్నది 3.10 లక్షలు. ఎఫ్‌డీ మీది కాదు, మీ అమ్మాయిది. ఇంకొన్ని నెలల్లో ఆ పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి. ఇంటి ఖర్చు, ఈఎంఐ, షెడ్డు ఖర్చు కలిపితే నెలకు 1,33,500. పని ఆగిపోతే మీ దగ్గరున్న డబ్బు రెండు నెలల పది రోజులకు సరిపోతుంది. అంతే. 56 లక్షల వస్తువు కొనబోతున్న మనిషి దగ్గర రెండు నెలల పది రోజుల ఖర్చు!

మీ వృత్తిలో ఇది మరీ ప్రమాదం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి, రిపేర్లన్నీ అప్పుడే, షెడ్డులో ఊపిరాడదు. కానీ ఆ పనికి డబ్బు అప్పుడే ఇచ్చేవాళ్లు ఎందరు? 'వేటకెళ్లాక ఇస్తాంలే అన్నా' అంటారు. మీరు రెజిన్ జిగురూ గ్లాస్ మ్యాటూ నగదు పెట్టి కొంటారు, కూలీలకు శనివారం శనివారం ఇస్తారు, మీ డబ్బు మాత్రం జూలైలోనో ఆగస్టులోనో చిల్లరచిల్లరగా వస్తుంది. ఆ తర్వాత తుపాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన తీరంలో వానలూ గాలులూ ఎలా ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు. అలాంటి గాలికి మీ షెడ్డు రేకులు లేస్తే ఆ నెల ఆదాయం పోతుంది, రేకులు వేయించే ఖర్చు వస్తుంది, లోపల స్టాండు మీదున్న సగం కట్టిన విమానం రెక్క కూడా పోతుంది. ఆ మూడూ ఒకే రాత్రి జరుగుతాయి.

అందుకే జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు అత్యవసర నిధిగా పక్కన పెట్టుకోమని చెప్పేవాణ్ణి మీకు తొమ్మిది నెలలది చెబుతున్నా. 12 లక్షలు. సగం స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడిన ఎఫ్‌డీ), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్), మీ శ్రీమతి కూడా తీయగలిగేలా జాయింటుగా. ఇప్పుడున్న 3.10 లక్షలకు నెలనెలా మిగిలే 36,500 కలుపుతూ పోతే రెండేళ్ల పైచిలుకు పడుతుంది. విమానానికి మీరు పెట్టుకున్న గడువు కూడా అదే. ఈ నిధి నిండేదాకా కిట్టు పెట్టె షెడ్డులోకి రాకూడదు. నిండాక విమానం కోసం వేరే ఖాతా తెరవండి. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు ఎప్పుడూ సర్దకండి. 'ఒక్క నెలకేగా' అని సర్దిన డబ్బు తిరిగి రావడం నేను పెద్దగా చూడలేదు.

ఇక 'కూలి ఖర్చు లేదు', 'పెట్రోలు ఖర్చే కదా' అన్న రెండు మాటలు. డబ్బు కారిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుతాను. థర్మాకోల్ లాంటి నురుగు దిమ్మను వేడి తీగతో కోసి, దానిమీద గ్లాస్ క్లాత్ పరిచి ఎపాక్సీ అనే రెజిన్ పట్టించే పద్ధతిని ఇళ్లలో విమానాలు కట్టుకునేవాళ్లకు 1970ల్లో బర్ట్ రూటన్ అలవాటు చేశాడు. ఫైబర్ పని తెలిసిన ఎవరికైనా అది చూస్తే 'మన పనే కదా' అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కానీ పడవకు వాడే పాలిస్టర్ రెజిన్‌కి ఎండ ఎక్కువైతే క్యాటలిస్ట్ (గట్టిపడేలా చేసే మందు) తగ్గిస్తారు, ముసురు పడితే పెంచుతారు. అది మీ చేతికి అలవాటు. ఎపాక్సీలో హార్డెనర్ పాళ్లు అలా మార్చడానికి లేదు, తూకం తూకమే. తేడా వస్తే పైకి గట్టిగా కనిపించి లోపల బలం ఉండదు. పాలిస్టర్ రెజిన్ తెల్ల నురుగు మీద పడితే నురుగే కరిగిపోతుంది, కాబట్టి మీ షెడ్డులో ఉన్న డ్రమ్ము ఇక్కడ పనికిరాదు. పైగా సముద్రం పక్కన గాలిలో తేమ. తేమకు ఎపాక్సీ పైన జిడ్డులాంటి పొర కడుతుంది. దాన్ని కడిగి, గీకి, ఆరబెట్టకుండా తర్వాతి పొర వేస్తే అతుక్కోదు. అంటే మూసిన గది, ఏసీ, తేమ లాగే యంత్రం, వాటి కరెంటు బిల్లు. ఎపాక్సీకి గడువు తేదీ ఉంటుంది కాబట్టి నాలుగేళ్ల సరుకు ఒకేసారి కొని పెట్టుకోవడం కుదరదు. ఇవేవీ మీ 56 లక్షల్లో లేవు.

కట్టాక కూడా అంతే. ఆ ఇంజిన్‌కి 2,000 గంటలు లేదా 15 ఏళ్లు, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) చేయించాలి. రబ్బరు గొట్టాలు ఐదేళ్లకోసారి మార్చాలి, ఎగిరినా ఎగరకపోయినా. ఇవాళ ఇంజిన్ కొని నాలుగేళ్లు పెట్టెలో ఉంచితే డాలరు మీద మిగిలింది గ్యారంటీ గడువు దాటడంలో, గొట్టాలు మార్చడంలో పోతుంది. ఇంజిన్ ఎప్పుడైనా చివరి కొనుగోలే. పెట్రోలు సంగతీ అంత తేలిక కాదు. ఇథనాల్ పది శాతం దాకానే ఆ ఇంజిన్‌కి సమ్మతం, మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపింది. కొన్ని రకాల రెజిన్ ట్యాంకులను కూడా ఇథనాల్ తినేస్తుంది. ఇంధనం ఎక్కడినుంచి తెస్తారు, ఎంతకు తెస్తారు అన్నది ముందే తేలాలి. విమానాన్ని ఎండలో పెట్టడానికి లేదు. కాంపోజిట్ విమానాలకు తెల్లరంగు వేసేది అందం కోసం కాదు, ముదురు రంగు వేడెక్కితే రెజిన్ మెత్తబడుతుందని. నెల్లూరు మే నెల ఎండ గురించి నెల్లూరు వాళ్లకు చెప్పాలా? కాబట్టి నీడపట్టు హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె. అది కూడా ఎక్కడ? దగదర్తి విమానాశ్రయం వస్తుందని ఎన్నేళ్లుగానో వింటున్నాం. కొరిశపాడు దగ్గర హైవే మీద ఉన్న రన్‌వే వైమానిక దళం అత్యవసరాలకు, మీకూ నాకూ కాదు.

అనుమతుల కాలాన్ని కూడా డబ్బుగానే లెక్కేయాలి. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ ఇంటి డాబా మీద కట్టిన విమానాన్ని 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ వచ్చింది 2017 నవంబరులో. ఎగరడానికి పర్మిట్ వచ్చింది 2019లో. ఆయన స్వతహాగా పైలట్. మీరింకా లైసెన్సు తీసుకోలేదనుకుంటాను, ఎందుకంటే మీ ఖర్చుల్లో ఆ వరుసే లేదు. ప్రైవేటు పైలట్ లైసెన్సుకి కనీసం 40 గంటలు ఎగరాలి. ఫ్లయింగ్ క్లబ్బులో గంట రేటు అడిగి 40తో గుణించి చూడండి. దానికంటే ముందు మెడికల్ చేయించుకోండి. చూపులోనో గుండెలోనో తేడా తేలితే 56 లక్షల నిర్ణయం కొద్ది వేలతోనే తేలిపోతుంది. పన్ను సంగతి కూడా అంతే. సొంత వాడకం విమానాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. మీ కిట్టు పెట్టెలు విమానం కింద లెక్కకు వస్తాయా, విడిభాగాల కింద వస్తాయా అన్నది కస్టమ్స్ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. లక్షల తేడా వస్తుంది.

బీమా. మీకు 10 లక్షల ఎండోమెంట్ తప్ప ఏమీ లేదు. అప్పులు లేకుండానే ఇది చాలదు. కోటిన్నర టర్మ్ పాలసీ (గడువులో మనిషి పోతేనే ఇంటికి డబ్బిచ్చేది) ఈ నెలలోనే తీసుకోండి. దరఖాస్తులో విమానం నడుపుతారా, నడిపే ఉద్దేశం ఉందా అన్న ప్రశ్న ఉంటే నిజం రాయండి. ప్రీమియం పెంచవచ్చు, లేదా సొంతంగా ఎగురుతూ జరిగే మరణాన్ని మినహాయించవచ్చు. దాచిపెట్టి తీసుకుంటే మొదటి మూడేళ్లలో క్లెయిము వచ్చినప్పుడు కంపెనీ తవ్వుతుంది. అప్పుడు సమాధానం చెప్పాల్సింది మీరు కాదు, మీ శ్రీమతి. ప్రమాద బీమా పాలసీలు చాలావరకు టికెట్ కొన్న ప్రయాణికుడిగా ఉంటేనే విమాన ప్రమాదాన్ని ఒప్పుకుంటాయి, సొంతంగా నడిపితే కాదు. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టొద్దు. టర్మ్ తీసుకునేటప్పుడే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించండి. రేపు ఏ అప్పులవాడు వచ్చినా ఆ డబ్బు భార్యాపిల్లలదే. పాలసీ తీసుకున్నాక ఇది పెట్టించడం కుదరదు. ఆరోగ్య బీమా గురించి ఒక్క ముక్క రాయలేదు. అమ్మగారికి విడిగా, మీ నలుగురికీ కలిపి ఒకటి తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు.

కోరిక వదులుకోమనడం లేదు. కొన్ని కంపెనీలు కిట్టును భాగాలుగా అమ్ముతాయి. నిధి నిండాక ముందు తోక భాగం ఒక్కటి నగదుతో కొనండి. అది పూర్తి చేశాకే రెక్కలు. ఇష్టమున్న ఇంకో ఇద్దరితో వాటా వేసుకోవడం కూడా మంచిదే, ఒప్పందం కాగితం మీద ఉంటే. సిప్‌లూ షేర్లూ ఈ నిధి నిండాక మాట్లాడుకుందాం.

ఇక 2.20 లక్షల అడ్వాన్స్. ఆర్డరు కాగితంలో రద్దు, వాయిదా నిబంధనలు చదివి, ఆర్డరును రెండేళ్లు వెనక్కి జరపమనీ, కుదిరితే తోక భాగానికి మార్చమనీ ఈ వారంలోనే మెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడి ఊరుకోకండి. ఒప్పుకోకపోతే ఆ డబ్బు వదిలేయండి. 2.20 లక్షలు పోతాయని 45 లక్షల అప్పు చేయొద్దు. మెయిల్‌కి ఏం జవాబొచ్చిందో, మీ ఇంటి లోన్ స్టేట్‌మెంటుతో కలిపి నాకు పంపండి. ఆ 18,500 ఈఎంఐ మీద వడ్డీ రేటు ఎంతో మీరు రాయలేదు, అది కూడా ఒకసారి చూడాలి.