సీఈ స్టిక్కర్ ఉంటే లేజర్ మెషీన్ ఇంట్లో పెట్టొచ్చా?

కీచైన్లు, నేమ్ ప్లేట్లు చేయడానికి 10 వాట్ల డయోడ్ లేజర్ (చిన్న చిప్ నుంచి కాంతి వచ్చే చెక్కుడు మెషీన్) ఆన్‌లైన్‌లో చవకగా వస్తోందని, సీఈ గుర్తు కూడా ఉందని, ఇంటి ముందు గదిలో పెట్టుకోవచ్చా అని అడిగారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి సూటిగా చెబుతున్నా. చుట్టూ మూత లేని మెషీన్ అయితే పెట్టొద్దు.

చిక్కడపల్లిలో నాకు షీల్డులు, మెమెంటోలు చేసే చిన్న షాపు ఉంది. కొన్నేళ్ల కిందట చైనా నుంచి వచ్చిన 40 వాట్ల సీఓటూ మెషీన్, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపిన గాజు ట్యూబుతో నడిచే లేజర్, కొన్నా. దాని మీదా సీఈ స్టిక్కర్ ఉంది. మొదటి వారంలోనే మా కుర్రాడు మూత ఎత్తబోయి, "అన్నా, చెయ్యి జిల్లుమంటోంది" అని వెనక్కి లాక్కున్నాడు. టెస్టర్ పెడితే బాడీ మీద లైట్ వెలిగింది. వెనక ఎర్త్ బోల్టు విప్పి చూస్తే పెయింట్ వేసిన రేకు మీదే రింగు పెట్టి బిగించారు. మధ్యలో పెయింట్ ఉంటే ఎర్త్ ఎలా అందుతుంది? ఆ ట్యూబుకు వెళ్లేది 15 నుంచి 20 వేల వోల్టులు! గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి, ప్లగ్ ఎర్త్ పిన్ను నుంచి బాడీ దాకా మల్టీమీటర్ బీప్ అన్నాకే స్విచ్ వేశాం. ఆ రోజు వాడి చెయ్యి తడిగా ఉండుంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అంతటితో అయిపోలేదు. మూత ఎత్తినా లేజర్ ఆగట్లేదు. మూత ఎత్తగానే ఆపే స్విచ్చే అసలు పెట్టలేదు. కోఠి గుజరాతీ గల్లీలో మైక్రోస్విచ్ కొని, తెలిసిన టెక్నీషియన్‌తో వేయించా.

సీఈ అనేది యూరప్ మార్కెట్ కోసం ఉన్న గుర్తు. చాలా సరుకుల విషయంలో తయారీదారు తనంతట తానే ప్రకటించుకుని వేసుకుంటాడు. అందుకే స్టిక్కర్ కాదు, లేజర్ భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60825-1 ప్రకారం చేసిన టెస్ట్ రిపోర్ట్ అడగండి. అందులోని మోడల్ నంబరూ మీకు పంపే మెషీన్ నంబరూ ఒకటేనా చూడండి.

డయోడ్ విషయానికొస్తే, అర వాటు దాటిన లేజర్ బయటికి తగిలేలా ఉంటే అది క్లాస్ 4, అంటే లేజర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి. మీది 10 వాట్లు. ఆ నీలం కాంతి, అంటే దాదాపు 450 నానోమీటర్లది, నేరుగా రెటీనా దాకా వెళ్తుంది. కీచైన్ రేకు మీద పడి తిరిగొచ్చినా ప్రమాదమే. డబ్బాలో ఇచ్చే ఆకుపచ్చ కళ్లజోడు మీద తరంగదైర్ఘ్యం, ఓడీ అంకె (కాంతిని ఎంత ఆపుతుందో చెప్పేది) అచ్చువేసి లేకపోతే దాన్ని నమ్మొద్దు. పిల్లాడు తలుపు తీసుకుని వచ్చేటప్పుడు వాడికి కళ్లజోడు ఎవరు పెడతారండీ?

కాస్త ఎక్కువైనా, పూర్తిగా మూసి ఉండి మూత తీయగానే ఆగిపోయే క్లాస్ 1 (మామూలు వాడకంలో కాంతి బయటికి తగలని తరగతి) మెషీన్ తీసుకోండి. పొగ గొట్టం కిటికీ బయటికి పెట్టండి. రెక్సిన్ మాత్రం అస్సలు కోయొద్దు, అందులో ఉండే పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. మెషీన్ నడుస్తుండగా టీకి కూడా పక్కకు వెళ్లొద్దు, యాక్రిలిక్ ఇట్టే అంటుకుంటుంది. మెషీన్ వచ్చాక ప్లగ్ పెట్టకముందే వెనక ఎర్త్ బోల్టు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతా.