గ్యాస్ బిళ్ళ వేసుకుంటే ఇన్‌హేలర్ మానేయొచ్చా?

ఎసిడిటీ వల్లే ఆస్తమా పెరుగుతోందని ఇంట్లో అంటున్నారనీ, గ్యాస్ బిళ్ళ వాడితే ఇన్‌హేలర్ మానేయొచ్చా అనీ అడిగారు. మానేయకండి. పదో తరగతి నుంచి నాకు ఆస్తమా ఉంది, పులితేన్పులు కూడా బాగానే వస్తుంటాయి. ఓసారి డాక్టర్ రెండింటికీ మందులు రాశారు. పరగడుపున వేసుకునే బిళ్ళతో ఛాతీలో మంట వారం తిరక్కుండానే పోయింది. పిల్లికూతలు మాత్రం అలాగే ఉన్నాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రోజూ వాడుతూ పోతే గానీ అవి లొంగలేదు.

ఎందుకంటే కడుపులో ఆమ్లం వేరు, ఊపిరి గొట్టాల్లో పుట్టే ఆమ్లం వేరు. ఈ రెండోదాని గురించి మనవాళ్ళెవరూ మాట్లాడరు. 2000లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు దీన్ని కొలిచారు. వదిలిన ఊపిరిని చల్లటి గొట్టంలోకి పంపి, చుక్కలుగా పేరుకున్న తేమను పట్టి, అందులో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె) చూశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో సగటు 7.65. ఆస్తమా బాగా ముదిరి వచ్చినవాళ్ళలో 5.23. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు, కాబట్టి ఇది వంద రెట్ల పైమాటే. స్టెరాయిడ్లతో చికిత్స చేశాక పీహెచ్ మళ్ళీ మామూలుకొచ్చింది.

ఊపిరి గొట్టాల లోపలి పొరలో ఉండే కణాలు గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం నుంచి అమ్మోనియా తయారుచేసి ఆమ్లాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంటాయి. వాపు వచ్చినప్పుడు వెలువడే కొన్ని రసాయనాలు ఈ పనిని మందగింపజేస్తాయి. ఆమ్లం పెరిగితే కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు కదలిక నెమ్మదిస్తుంది, కఫం చిక్కబడుతుంది. అక్కడి నరాల కొసలకు ఆమ్లం తగిలితే దగ్గు తెర ఆగదు. గొట్టం చుట్టూ ఉన్న కండరానికి కూడా ఆమ్లాన్ని పసిగట్టే గ్రాహకాలున్నాయి, అది బిగుసుకుంటుంది.

మరి కడుపు ఆమ్లానికి ఆస్తమాతో సంబంధమే లేదా అంటే, ఉంది. అన్నవాహికలోకి ఎగదన్నిన ఆమ్లం అక్కడి నరాన్ని కదిపి ఊపిరి గొట్టాలను బిగించగలదు. కానీ 2009లో అమెరికాలో ఆస్తమా అదుపులో లేని 412 మందిపై చేసిన పరీక్షలో, మంటా తేన్పులూ పెద్దగా లేనివాళ్ళకు ఎసోమెప్రజోల్ అనే గ్యాస్ బిళ్ళ రోజుకు రెండుసార్లు 24 వారాలు ఇచ్చినా ఆస్తమాలో తేడా రాలేదు. బిళ్ళ కడుపులో ఊరే ఆమ్లాన్నే తగ్గిస్తుంది, ఊపిరి గొట్టాల్లో వాపు దాని పని కాదు.

మీకు నిజంగా మంట ఉంటే దానికోసం బిళ్ళ వాడండి, రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు వదలండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు దగ్గు ఎప్పుడొస్తుందో చెప్పండి: తిని నడుం వాల్చగానేనా, తెల్లవారుజామున మూడింటికి నిద్రలేపి మరీనా? మొదటిదైతే కడుపు వైపు, రెండోదైతే ఆస్తమా వైపు అనుమానం ఎక్కువ. నాకైతే రెండూ ఉండేవి.